ఒక్క టూల్‌బార్ తీయాలంటే అన్నీ తీసేయండి

ఆటోక్యాడ్‌లో అడగని టూల్‌బార్ ఒకటి వచ్చి కూర్చుంటే దాన్ని ఒక్కదాన్నే తీయకండి. దాని పక్కనున్నవి, పైనున్న రిబ్బన్, కుడివైపు వేలాడే నావిగేషన్ బార్, మూలనున్న వ్యూ క్యూబ్, అన్నీ తీసేయండి. స్క్రీన్ మీద గీత, గీత కింద కమాండ్ లైన్, ఈ రెండే మిగలాలి. ఇది విని చాలామంది తల అడ్డంగా ఊపుతారు. ఊపనివ్వండి. దిల్‌సుఖ్‌నగర్‌లో క్యాడ్ నేర్చుకునే పిల్లలకీ, ఎల్బీనగర్ చుట్టుపక్కల ఇళ్ల ప్లాన్లు గీసే చిన్న ఆఫీసులకీ ఇంతకంటే మేలైన సలహా నా దగ్గర లేదు.

మూసారాంబాగ్ దాటిన దగ్గర్నుంచి కొత్తపేట దాకా మెట్రో పిల్లర్లకు రెండువైపులా మేడల మీద బోర్డులు చూడండి. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలు, వాటి మధ్యలో ఆటోక్యాడ్, రెవిట్, స్టాడ్ ప్రో. నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ వైపు నుంచి వచ్చేవాళ్లకు విజయవాడ హైవే, సాగర్ రోడ్డు కలిసే ఎల్బీనగరే పట్నం గుమ్మం. అక్కడ దిగి, చైతన్యపురిలోనో కమలానగర్‌లోనో హాస్టల్లో సామాను పెట్టుకుని, పొద్దున ఏడు గంటల బ్యాచ్‌కి పరిగెత్తే సివిల్ డిప్లొమా పిల్లలు, ఐటీఐలో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసినవాళ్లు, వీళ్లే ఈ బోర్డుల్ని బతికిస్తున్నారు. వాళ్ల చేతిలో ఉండేది సాధారణంగా సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్. స్క్రీన్ 1366, 768. ఎత్తుకు ఉన్నవి ఆ 768 చుక్కలే. టైటిల్ బార్, రిబ్బన్, ఫైల్ ట్యాబులు, స్టేటస్ బార్, విండోస్ టాస్క్‌బార్ పోగా అందులో నాలుగో వంతు కంటే ఎక్కువే మనది కాకుండా పోతుంది. మిగిలిన సందులోంచి అరవై అడుగుల ప్లాటు చూడాలి. దాని మీద ఇంకో టూల్‌బార్ వచ్చి పడితే ఆ పిల్లాడికి కోపం రాదా? రావాలి. ఆ కోపాన్ని ఒక్క టూల్‌బార్‌తో సరిపెట్టుకోవద్దనే నా బాధ.

ముందు బయట దొరికే సలహాలు చూద్దాం. ఎక్కువమంది చెప్పేది ఎక్స్ గుర్తు నొక్కమని. టూల్‌బార్ అంచున రెండు సన్నటి గీతల పట్టు ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగితే టూల్‌బార్ ఊడి మధ్యలో తేలుతుంది, అప్పుడు ఎక్స్ కనిపిస్తుంది, నొక్కితే పోతుంది. పోతుంది గానీ వర్క్‌స్పేస్‌లో, అంటే దాచిపెట్టిన స్క్రీన్ అమరికలో, దాని పేరు అలాగే ఉంటుంది. రేపు ఎవరైనా వర్క్‌స్పేస్ మార్చి మళ్లీ పాతదానికి వచ్చారంటే అదే చోట అదే టూల్‌బార్ ప్రత్యక్షం. 'సార్, మొన్ననే తీసేశా, మళ్లీ వచ్చింది' అని పిల్లలు మొర పెట్టుకునేది ఇందుకే. 

రెండో సలహా, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయమని. సగం పూట దానికే పోతుంది. యూజర్ సెట్టింగులు వేరే ఫోల్డర్‌లో, రిజిస్ట్రీలో మిగిలిపోతే పాత తలనొప్పి కొత్త ఇన్‌స్టలేషన్‌లోకీ నడిచి వస్తుంది. మూడోది ఇంకా ఘోరం, ఫార్మాట్ కొట్టమని. రిపేరు షాపులో ఏ సమస్య చెప్పినా వచ్చే మొదటి మాట అది. ఫార్మాట్ కొడితే టూల్‌బార్ పోతుంది, నిజమే. దాంతోపాటు ఏళ్లుగా కూడబెట్టిన ఎస్‌హెచ్ఎక్స్ ఫాంట్లు, పెన్ను మందాలు రాసిపెట్టుకున్న సీటీబీ ఫైళ్లు, బ్లాకుల ఫోల్డర్ కూడా పోతాయి. సీటీబీ పోయిన ఆఫీసులో గోడ గీత, కొలత గీత ఒకే మందంలో ప్రింటవుతాయి. అలాంటి షీట్ సైటుకి వెళ్తే మేస్త్రీ ఏ గీతను నమ్మాలి?

టూల్‌బార్ ఎక్కడి నుంచి వచ్చిందో ముందు కనుక్కోండి. చాలావరకు అది ఆటోక్యాడ్ సొంతది కాదు. పీడీఎఫ్ చేసే సాఫ్ట్‌వేర్ వేస్తే అది తన బటన్లు తెచ్చి ఇక్కడ అతికిస్తుంది. బిల్డింగ్ పర్మిషన్ డ్రాయింగుల్లో లేయర్లు సరిచూసే ప్లగిన్ వేస్తే దాని బార్ వస్తుంది. జీహెచ్ఎంసీ 2016లో ప్లాన్ల అనుమతిని ఆన్‌లైన్ చేసినప్పటి నుంచి, 2020 నవంబరులో టీఎస్ బీపాస్ వచ్చాక మరీ ఎక్కువగా, ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసుల్లో ఇలాంటి అదనపు సరుకు పేరుకుపోయింది. పని అయిపోయాక కూడా ఎవరూ తీయరు. 

ఇలాంటి వాటికి మందు సీయూఐఅన్‌లోడ్. ఆ కమాండ్ కొట్టి ఎంటర్ చేస్తే లోడైన కస్టమైజేషన్ గ్రూపుల పట్టీ వస్తుంది. అందులో ఏక్యాడ్ అన్నది అసలు గ్రూపు, దాన్ని ముట్టుకోవద్దు. కొత్తగా చేరిన పేరు పట్టుకుని అన్‌లోడ్ నొక్కండి. అప్పటికీ తిరిగొస్తే యాప్‌లోడ్ తెరిచి, స్టార్టప్ సూట్ అనే బ్రీఫ్‌కేస్ బొమ్మలో ఏమేం దాక్కున్నాయో చూసి ఖాళీ చేయండి. ఇంకా వస్తే ప్రోగ్రామ్‌డేటాలో ఆటోడెస్క్ ఫోల్డర్, అందులో అప్లికేషన్‌ప్లగిన్స్ ఫోల్డర్. అక్కడ బండిల్ అని ముగిసే ఫోల్డర్లు ప్లగిన్లే. వాటి తాలూకు సాఫ్ట్‌వేర్‌ను కంట్రోల్ ప్యానెల్ నుంచి తీయండి. నన్నడిగితే అంతకంటే ముందే ఏపీపీఆటోలోడ్ అనే వేరియబుల్‌ను సున్నా చేసేస్తాను. దాంతో ఏ ప్లగిన్ తనంతట తాను లోడవదు. కావలసినప్పుడు చేత్తో లోడ్ చేసుకోవచ్చు. అది ఇబ్బంది అంటారు. ఆ ఇబ్బంది ఉండటమే మంచిది, ఏది అవసరమో ఏది కాదో అప్పుడే తేలుతుంది.

ఊరూ పేరూ లేని టూల్‌బార్ అయితే మరింత జాగ్రత్త. డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌లో ఏక్యాడ్‌డాక్ డాట్ ఎల్ఎస్‌పీ అనే ఫైల్ మీరు పెట్టకుండానే కనిపించిందంటే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవండి. డ్రాయింగ్ తెరిచినప్పుడల్లా దానంతట అదే నడిచే లిస్ప్ ఫైల్ అది. ఒకరి ఆఫీసు నుంచి ఇంకొకరికి, అక్కడి నుంచి ప్లాటర్ ప్రింట్లు తీసే షాపుకి పెన్‌డ్రైవులు తిరిగే మన దగ్గర ఇలాంటివి ఇట్టే పాకుతాయి. 2012లో ఈసెట్ సంస్థ బయటపెట్టిన మెద్రే అనే ఆటోలిస్ప్ వార్మ్ ఇలాంటి దారినే వాడుకుంది. ఎక్కువగా పెరూ దేశంలోని కంప్యూటర్ల నుంచి వేలకొద్దీ డ్రాయింగులను చైనాలోని ఈమెయిల్ ఖాతాలకు పంపించింది. తర్వాత 2014 వెర్షన్‌కల్లా ఆటోక్యాడ్‌లో సెక్యూర్‌లోడ్ అనే కాపలా వచ్చింది. దాన్ని సున్నా చేసుకోమని చెప్పేవాళ్లున్నారు, ప్రతిసారీ హెచ్చరిక చూపిస్తుందని. వాళ్ల మాట వినొద్దు. స్క్రీన్ మీద నేను ఉంచమనే అడ్డంకి అదొక్కటే.

ఇప్పుడు అసలు పని. మైనస్ గుర్తు పెట్టి టూల్‌బార్ అని కొట్టండి. ఏ టూల్‌బార్ అని అడుగుతుంది. ఆల్ అనండి. చూపించాలా దాచాలా అంటుంది. హైడ్ అనండి. ఒక్క దెబ్బకి అన్నీ పోతాయి. తర్వాత రిబ్బన్‌క్లోజ్. మెనూబార్ సున్నా. నావ్‌బార్‌డిస్‌ప్లే సున్నా. నావ్‌వీక్యూబ్ కొట్టి ఆఫ్. ఫైల్‌ట్యాబ్‌క్లోజ్. ఇంత పని ఎందుకు, కంట్రోల్ సున్నా నొక్కితే అన్నీ పోతాయిగా అంటారు తెలిసినవాళ్లు. చాలావరకు పోతాయి, మళ్లీ నొక్కితే వస్తాయి. వేలికి అంత దగ్గరగా ఉన్నదాన్ని పిల్లలు గంటకోసారి నొక్కుతారు. అందుకే అది వద్దు. 

అంతా తీశాక డబ్ల్యూఎస్‌సేవ్ కొట్టి, మీ పేరుతో వర్క్‌స్పేస్‌గా దాచుకోండి. డబ్ల్యూఎస్ఆటోసేవ్ సున్నాలో ఉంచండి. అప్పుడు ఏ ప్లగిన్ వచ్చి కొత్త బార్ తగిలించినా మీ వర్క్‌స్పేస్‌లోకి అది ఎక్కదు. దాన్ని ఒకసారి ఎంచుకుంటే మళ్లీ ఖాళీ స్క్రీన్.

ఖాళీ స్క్రీన్ చూడగానే పిల్లలు బిక్కచచ్చిపోతారు. లైన్ బొమ్మ ఎక్కడ, ట్రిమ్ బొమ్మ ఎక్కడ అని మౌస్ అటూ ఇటూ తిప్పుతారు. తిప్పనివ్వండి. తర్వాత వాళ్లకు ఒక పని ఇవ్వండి, 200 గజాల ఇల్లు. మన వైపు ముప్పై, అరవై అడుగుల ప్లాటు అంటే 1,800 చదరపు అడుగులు, సరిగ్గా 200 గజాలు. వనస్థలిపురంలో, హయత్‌నగర్‌లో గీయించుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామందిది ఇదే కొలత. యూఎన్ కొట్టి యూనిట్లను ఆర్కిటెక్చరల్ చేయాలి. ఆర్ఈసీ, ఎంటర్. సున్నా కామా సున్నా, ఎంటర్. ఎట్ గుర్తు, ముప్పై అడుగులు, కామా, అరవై అడుగులు, ఎంటర్. ప్లాటు హద్దు వచ్చేసింది. చుట్టూ వదలాల్సిన ఖాళీని ఓ కొట్టి లోపలికి ఇస్తే ఇంటి బయటి అంచు. మళ్లీ ఓ, 9, ఎంటర్, గీతను తాకి లోపలివైపు ఒక క్లిక్. తొమ్మిది అంగుళాల గోడ నిలబడింది. లోపలి గోడలకు నాలుగున్నర. టీఆర్ కొట్టి ఎంటర్, పాత వెర్షన్లయితే రెండుసార్లు ఎంటర్, అడ్డొచ్చిన ముక్కలన్నీ కోసేయండి. మూల కలవకపోతే ఎఫ్ కొట్టి, షిఫ్ట్ పట్టుకుని రెండు గీతల్నీ తాకితే మూల కలిసిపోతుంది. గది విస్తీర్ణం కావాలా, ఏఏ. దూరం కావాలా, డీఐ. 

ఎడమచెయ్యి కీబోర్డు మీద, కుడిచెయ్యి మౌస్ మీద. కళ్లు మాత్రం గీతను వదిలి పోవు. నేను టూల్‌బార్లను ద్వేషించేది దీని కోసమే. బొమ్మ మీద నొక్కాలంటే గోడ మీదున్న చూపు పైకెళ్లి, బొమ్మను వెతికి, నొక్కి, మళ్లీ కిందికొచ్చి గోడను వెతుక్కోవాలి. రోజంతా గీసేవాడికి ఆ చూపు ఎన్నిసార్లు పైకీ కిందికీ పోతుంది! తలుపు తప్పుడు గదిలోకి తెరుచుకోవడం, మెట్ల కింద తల తగలడం లాంటి తప్పులు చూపు గీత మీద లేనప్పుడే జారిపోతాయి.

ఆటోక్యాడ్ పుట్టుక కూడా ఇలాగే. 1982లో జాన్ వాకర్, ఆయన మిత్రులు ఆటోడెస్క్ పెట్టి, ఆ ఏడాది చివర్లో ఆటోక్యాడ్ బయటకు తెచ్చారు. అప్పట్లో అది టైపు చేసే సాఫ్ట్‌వేర్. 1997లో వచ్చిన రిలీజ్ 14తో డాస్‌ను పూర్తిగా వదిలేసి విండోస్‌కే అంటుకుంది. 2009 వెర్షన్‌లో రిబ్బన్ వచ్చింది. టూల్‌బార్లకు అలవాటు పడ్డవాళ్లు క్లాసిక్ వర్క్‌స్పేస్‌లో తలదాచుకున్నారు. 2015 వెర్షన్‌లో దాన్నీ తీసేశారు. ఇన్ని మార్పుల్లో బొమ్మలు మారాయి, చోట్లు మారాయి. ఎల్ కొడితే లైన్ రావడం మాత్రం మారలేదు. బ్రిక్స్‌క్యాడ్, జెడ్‌డబ్ల్యూక్యాడ్ లాంటివి వాడే ఆఫీసుకి వెళ్లినా అదే ఎల్, అదే టీఆర్.

దీని విలువ ఉద్యోగం వెతుక్కునేటప్పుడు తెలుస్తుంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడవడం మొదలయ్యాక దిల్‌సుఖ్‌నగర్ పిల్లలకు ఖైరతాబాద్, పంజాగుట్ట ఆఫీసులు దగ్గరయ్యాయి. పొద్దున ఒకచోట టెస్టు, మధ్యాహ్నం ఇంకోచోట. ఒక ఆఫీసులో పాత వెర్షన్, ఒకచోట కొత్తది, ఒకచోట వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్. ఇచ్చేది ఒక గంట. అందులో పావుగంట బొమ్మలు వెతుక్కోవడానికే పోయిన పిల్లలు ఎందరో. అందుకే ఇంకో మాట. ఏక్యాడ్ డాట్ పీజీపీ ఫైల్ తెరిచి మీ ఇష్టమైన పొట్టి పేర్లు పెట్టుకోమని చాలా చిట్కాలు వస్తాయి. పెట్టుకోకండి. మీ ఇంట్లో పనిచేసే పొట్టి పేరు ఎదుటి ఆఫీసులో పనిచేయదు. సాఫ్ట్‌వేర్‌తో వచ్చినవే బట్టీ పట్టండి. ఓ ముప్పై చాలు.

టూల్‌బార్లు పోయాక ఆగకండి. షార్ట్‌కట్‌మెనూ అనే వేరియబుల్‌ను సున్నా చేయండి. అప్పటినుంచి రైట్ క్లిక్ చేస్తే మెనూ రాదు, ఎంటర్‌లా పనిచేస్తుంది. పాతకాలం వాళ్లకు అదే అలవాటు, అదే వేగం. కర్సర్‌సైజ్‌ను వంద చేయండి. మామూలుగా ఐదు ఉంటుంది, చిన్న ప్లస్ గుర్తులా. వంద చేస్తే అడ్డగీత, నిలువుగీత స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకు పోతాయి. డ్రాయింగ్ బోర్డు మీద టీ స్క్వేర్ ఆనించినట్టు, ఎడమవైపు కిటికీ, కుడివైపు కిటికీ ఒకే వరుసలో ఉన్నాయో లేదో కర్సర్ పెట్టగానే తెలిసిపోతుంది. చిన్న కర్సర్‌తో గీసినవాళ్ల ఎలివేషన్లలో సన్‌షేడ్లు ఎగుడుదిగుడుగా ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను.

డైలాగ్ బాక్సులు కూడా తగ్గించండి. లేయర్ల కోసం ఎల్ఏ కొడితే పెద్ద ప్యాలెట్ తెరుచుకుని సగం డ్రాయింగ్‌ను మింగేస్తుంది. మైనస్ ఎల్ఏ కొట్టండి, అంతా కమాండ్ లైన్‌లోనే అడుగుతుంది. లేయర్ మారాలంటే సీలేయర్ కొట్టి పేరు రాయండి. పేరు రాయాలంటే పేరు గుర్తుండాలి. ప్యాలెట్‌లో చూసి ఎంచుకునేవాళ్లకు తమ డ్రాయింగులో ఏ లేయర్లున్నాయో తెలియదు, పర్మిషన్ డ్రాయింగ్ వెనక్కి వచ్చాక తెలుస్తుంది. ప్రింటు తీసే ప్లాట్ కమాండ్ కూడా మైనస్ పెట్టే కొట్టండి. షీట్ సైజు, స్కేలు, సీటీబీ, నిలువా అడ్డమా అని ఒక్కొక్కటే అడుగుతుంది. విసుగే, ఒప్పుకుంటాను. ఆ ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పిన తర్వాత స్కేలు తప్పిన ప్రింటు రావడం మాత్రం అరుదు. ఏ వన్ షీటు ఒకటి పాడైతే డబ్బు, ప్రింటింగ్ షాపులో మళ్లీ లైను, సైటు దగ్గర ఒక పూట, ఇవన్నీ ఆ విసుగు కంటే ఎక్కువ.

దీన్ని మొండితనం అనేవాళ్లున్నారు. మొదటి రోజే పిల్లలకు ఖాళీ స్క్రీన్ చూపిస్తే భయపడి మానేస్తారని శిక్షణ సంస్థలవాళ్లు అంటారు. నా అనుభవంలో మానేసేవాళ్లు బొమ్మలున్నా మానేస్తారు. రామంతాపూర్ పాలిటెక్నిక్‌లోనో ఇంకోచోటో డ్రాయింగ్ హాల్లో మినీ డ్రాఫ్టర్ బిగించుకుని నిలబడి గీసినవాళ్లకు ఖాళీ కాగితం కొత్త కాదు. ఆఫీసు యజమానులు పని ఆగిపోతుందని అంటారు. ఆగుతుంది. మొదటి వారం అందరూ నెమ్మదిస్తారు, ఒకరిద్దరు సణుగుతారు, పర్మిషన్ డ్రాయింగ్ ఒకటి ఆలస్యమవుతుంది. అయినా తీసేయించండి. అందరి సిస్టముల్లోనూ ఒకేసారి తీసేయించండి, పక్కవాడి స్క్రీన్‌లో రిబ్బన్ ఉంటే మీవాళ్లు కుర్చీ జరుపుకుని అక్కడికే పోతారు. రెవిట్ సంగతి వేరు. అందులో రిబ్బన్‌ను కుదించగలం గానీ పూర్తిగా తీయలేం. కనీసం గోడకు డబ్ల్యూఏ, తలుపుకు డీఆర్, కిటికీకి డబ్ల్యూఎన్ అని వేళ్లకు నేర్పండి.

దిల్‌సుఖ్‌నగర్‌లో క్యాడ్ చెప్పే టీచర్లకు ఒక విన్నపం. వచ్చే బ్యాచ్ మొదలయ్యే రోజు, పిల్లలు కూర్చోకముందే ల్యాబ్‌లోని ప్రతి సిస్టంలో రిబ్బన్‌క్లోజ్ కొట్టండి. బోర్డు మీద ముప్పై కమాండ్లు తెలుగు లిపిలో, పక్కన అవి చేసే పని తెలుగు మాటల్లో రాయండి. ఎవరైనా రిబ్బన్ ఎలా తెచ్చుకోవాలి సార్ అని అడిగితే నిజం చెప్పండి, రిబ్బన్ అని టైప్ చేసి ఎంటర్ కొడితే వస్తుంది. చెప్పి, ఈ నెల మాత్రం కొట్టొద్దనండి.